పాలమూరు పల్లెల్లో 1975లోనే ఉపగ్రహ టీవీ: మీ నాయిన చెప్పింది నిజమే

“మా నాయిన చిన్నప్పుడు కల్వకుర్తి దగ్గర వాళ్ల ఊళ్లో బడి ముందర టీవీ చూశానంటాడు, అదీ 1975లో, ఉపగ్రహం నుంచి నేరుగా వచ్చేదంటాడు. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం పెట్టిందే 1977లో కదా, అంతకు ముందే ఆ పల్లెకు టీవీ ఎట్లా వస్తుంది? టీవీ చరిత్రలో గొప్ప ఘట్టాలేవని వెతికితే అన్నీ అమెరికావి, లండన్‌వే కనిపిస్తున్నాయి, మన దిక్కు ఏమీ లేవా?” అని అడిగావు కదా తమ్ముడూ.

మీ నాయిన చెప్పింది అక్షరాలా నిజం. ఆయనను నమ్మనివాళ్లు ఎవరన్నా ఉంటే ఇది చదివి వినిపించు. నేను పుట్టింది జడ్చర్ల దగ్గర పల్లెలో, 1975లో నాకు పదకొండేళ్లు. 1983 నుంచి టీవీ రిపేర్లు, ఏంటెనాల పని చేశాను, తర్వాత చాలా ఏళ్లు కేబుల్ నడిపాను. ఆ టీవీని చూసిన పిల్లల్లో నేనూ ఒకణ్ణి. నేను ఈ పనిలోకి రావడానికి కారణమే అది.

దాని పేరు సైట్ (SITE). ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీలో చదువు చెప్పే ప్రయోగం అన్నమాట. 1975 ఆగస్టు 1న మొదలై 1976 జూలై 31న ముగిసింది, సరిగ్గా ఏడాది. ఆరు రాష్ట్రాలు, 20 జిల్లాలు, దాదాపు 2,400 పల్లెలు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు జిల్లాలను తీసుకున్నారు: హైదరాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ (మన పాలమూరు), కర్నూలు. హైదరాబాద్ జిల్లా అంటే పట్నం ఒక్కటే అనుకోకు, రంగారెడ్డి జిల్లా అప్పటికింకా విడిపోలేదు, ఆ పల్లెలన్నీ అందులోవే. కల్వకుర్తి, నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల అన్నీ అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేవి. నల్లగొండ ఆ జాబితాలో లేదు. అందుకే మీ అమ్మగారి వైపు దేవరకొండలో ఎవరిని అడిగినా “మాకు టీవీ తెలిసిందే ఎనభైల్లో” అంటారు, వాళ్లు చెప్పేదీ నిజమే.

ఇప్పుడు నీ అసలు అనుమానం. హైదరాబాద్‌లో కేంద్రమే లేకుండా పల్లెలో బొమ్మ ఎట్లా వచ్చింది? మామూలు టీవీ ప్రసారానికి నేల మీద ఒక టవర్ ఉండాలి, అది ఎంత దూరం కనిపిస్తే అంత దూరమే బొమ్మ పోతుంది, మధ్యలో గుట్ట అడ్డమొస్తే అక్కడితో ఆఖరు. ఉపగ్రహానికి ఆ బాధ లేదు, 36 వేల కిలోమీటర్ల పైనుంచి చూస్తుంది కాబట్టి ఏ గుట్టా దానికి అడ్డం కాదు. కానీ అంత దూరం నుంచి దిగేసరికి సంకేతం బాగా బలహీనమైపోతుంది, దాన్ని పట్టాలంటే ఆ రోజుల్లో పెద్ద పెద్ద భూకేంద్రాలు కట్టేవారు. పల్లెల్లో అట్లాంటివి కట్టడం కుదిరే పని కాదు. అందుకని పనిని తిరగేశారు: ఉపగ్రహంలోనే పెద్ద ఏంటెనా, ఎక్కువ శక్తి పెట్టి, నేల మీద పెట్టేదాన్ని చిన్నదిగా, చవకగా చేశారు. అమెరికా సంస్థ నాసా 1974 మే 30న పంపిన ఏటీఎస్-6 అనే ఉపగ్రహం అది. దాని ఏంటెనా తొమ్మిది మీటర్ల అడ్డంతో ఆకాశంలోకి పోయాక గొడుగులా విచ్చుకుంది. 1975 జూలైలో అమెరికా, సోవియట్ వ్యోమనౌకలు అంతరిక్షంలో కలుసుకున్నప్పుడు సంకేతాలు మోసింది కూడా ఇదే. ఆ పని కాగానే మన పల్లెలకు పాఠాలు చెప్పింది. మన అంతరిక్ష కార్యక్రమానికి పునాది వేసిన విక్రమ్ సారాభాయ్ ఉన్నప్పుడే, 1969లో, మన అణుశక్తి శాఖకు నాసాకు దీని మీద ఒప్పందం కుదిరింది. 1971లో ఆయన పోయారు, ప్రయోగం చూడలేదు. అహ్మదాబాద్‌లోని అంతరిక్ష కేంద్రాన్ని నడిపిన యశ్‌పాల్ గారు, ఆయనతో ఉన్న కుర్ర ఇంజినీర్లు దాన్ని నడిపించారు.

పల్లెలో పెట్టిన గొడుగు, అంటే డిష్ ఏంటెనా, పది అడుగులది. దేనితో చేశారనుకున్నావు? కోళ్ల గూళ్లకు కొట్టే ఇనుప జాలీతో. సైట్ గురించి నేను ఎవరికి చెప్పినా మొదట ఈ మాటే చెబుతాను, ఎందుకంటే ఇందులోనే ఆ ఇంజినీర్ల తెలివి అంతా కనబడుతుంది. ఉపగ్రహం పంపేది 860 మెగాహెర్ట్జ్ మీద, ఆ తరంగం పొడవు ముప్పై అయిదు సెంటీమీటర్లు. అంత పొడవైన తరంగానికి జాలీ రంధ్రాలు ఉన్నట్టే తెలియదు, గట్టి రేకు తగిలినట్టే తగిలి వెనక్కి మళ్లుతుంది. జాలీ అయితే తేలిక, చవక, ఎడ్లబండి మీద వేసుకుని పోవచ్చు, గాలి కూడా లోపలి నుంచి దూరిపోతుంది కాబట్టి వానాకాలం గాలిదుమారానికీ నిలబడుతుంది. టీవీ సెట్లు తయారు చేసింది మన హైదరాబాద్‌లోని సర్కారు ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్. కరెంటు లేని పల్లెల్లో కొన్నిచోట్ల బ్యాటరీతో నడిపించారు. తెలుగు కార్యక్రమాలు హైదరాబాద్‌లో తయారయ్యేవి, పైకి పంపే పెద్ద కేంద్రం అహ్మదాబాద్‌లో. అంటే హైదరాబాద్‌లో తీసిన బొమ్మ అహ్మదాబాద్ నుంచి ఆకాశానికి ఎక్కి కల్వకుర్తిలో దిగేది, హైదరాబాద్ నగరంలో ఇంట్లో కూర్చున్నవాళ్లకు మాత్రం కనబడేది కాదు! పట్నంలో లేనిది పల్లెలో ఉన్న రోజు మన దిక్కు ఇంకొకటి నాకు తెలియదు.

మా ఊరికి సెట్టు రాలేదు. పక్క ఊరికి వచ్చింది, మూడు కిలోమీటర్లు నడవాలి. పొద్దున ప్రసారం బడిపిల్లలకు, గంటన్నర, అందులో నాలుగు భాషలకు వాటాలు, తెలుగు పాఠం ఇరవై రెండున్నర నిమిషాలు. సాయంత్రం రెండున్నర గంటలు పెద్దవాళ్లకు: వ్యవసాయం, పశువుల రోగాలు, పిల్లల ఆరోగ్యం, ఇంకా ఢిల్లీ నుంచి అందరికీ కలిపి ఒక అరగంట హిందీలో. ఉపగ్రహం ఒక బొమ్మతో పాటు రెండు ధ్వనులు మోసేది, అందువల్ల ఒకే బొమ్మను ఇక్కడ తెలుగులో, రాయచూరు పల్లెల్లో కన్నడంలో వినే వీలుండేది. మా నాయినమ్మ, మా అమ్మ, వాడకట్టు ఆడవాళ్లు, అందరం మాపటేళ జొన్నరొట్టెలు తిని కందిలి పట్టుకుని బయలుదేరేవాళ్లం. బడి వరండాలో సెట్టు, దానికి చెక్క తలుపులు, తాళంచెవి సారు దగ్గర. ముందర పిల్లలు నేల మీద, వెనక ఆడవాళ్లు, చివర మగవాళ్లు నిలబడి. వేరువేరు వాడల వాళ్లు ఎడంగానే కూర్చునేవాళ్లు, ఆ సంగతి దాచకుండా చెప్పాలి. కానీ చూసింది మాత్రం అందరూ ఒకే బొమ్మను, ఒకే సమయాన. మా ఊళ్ల బడిపంతుళ్లకు కూడా టీవీలోనే శిక్షణ ఇచ్చారు, 1975 అక్టోబరులో దేశం మొత్తం మీద సుమారు 50 వేల మంది ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు. అది ఎమర్జెన్సీ కాలం, సర్కారు మాటలు కూడా అందులో వచ్చేవి. నాకు ఆ వయసులో అవేవీ తెలియవు. గుర్తున్నదల్లా ఆకాశం నుంచి వచ్చే తెలుగు.

ఇంకొక ముచ్చట. ఉపగ్రహాలను ఫలానా ఎత్తున నిలిపితే ప్రపంచమంతా ప్రసారం చేయొచ్చని 1945లోనే రాసిన ఇంగ్లీషు రచయిత ఆర్థర్ సి. క్లార్క్ ఆ రోజుల్లో కొలంబోలో ఉండేవాడు. మన ఇస్రో ఇంజినీర్లు వెళ్లి ఆయన ఇంటి మీద కూడా ఒక గొడుగు బిగించారు. మా నాయినమ్మ పాలమూరులో, ఆయన కొలంబోలో, అదే ఉపగ్రహం నుంచి దిగిన బొమ్మను చూశారు.

1976 జూలై 31, శనివారం. ఆ తర్వాత ఉపగ్రహాన్ని అమెరికావాళ్లు తమ పనులకు వెనక్కి జరుపుకున్నారు, ఒప్పందమే ఏడాదికి. మాకెవరికీ అది అర్థమయ్యేలా చెప్పినవాళ్లు లేరు. మరుసటి వారం కూడా జనం వెళ్లారు. తలుపులు తెరిస్తే తెర మీద చీమలు పారుతున్నాయి, గర్రుమని చప్పుడు. ఇంకో రెండు మూడు రోజులు పోయి చూసి మానేశాం. చెడిపోయిందేమో, ఎవరన్నా వచ్చి బాగు చేస్తారేమో అనుకున్నాం. “ఎవరన్నా నేర్చుకుంటే బాగయితది గదా” అని మా నాయినమ్మ అన్న మాటే నన్ను ఈ పనికి పంపింది. బాగు చేయాల్సింది ఆ సెట్టులో లేదని, 36 వేల కిలోమీటర్ల పైనున్నది పక్కకు జరిగిపోయిందని పని నేర్చుకున్నాకే తెలిసింది.

ఇంత పెద్ద ఎత్తున, ఇన్ని పల్లెలకు, ఉపగ్రహం నుంచి నేరుగా ఊరి సెట్టుకే బొమ్మ దించడం ప్రపంచంలో అదే మొదలు. అందుకే నన్నడిగితే టీవీ చరిత్రలో దీనిది పెద్దపీట. నువ్వు వెతికిన జాబితాలు చాలావరకు ప్రసారం చేసినవాళ్ల వైపు నుంచి రాసినవి, ఎక్కడి నుంచి బొమ్మ బయలుదేరిందో అక్కడే చరిత్ర జరిగినట్టు. ఏంటెనాలు బిగించిన మనిషిగా నేను అటు చివర నుంచి చూస్తాను: ఎవరి దాకా చేరింది, ఎవరి దాకా చేరలేదు.

అట్లా చూస్తే చంద్రుడి మీద మనిషి అడుగు పెట్టిన బొమ్మ కూడా వేరేగా కనబడుతుంది. 1969 జూలైలో ప్రపంచం చూసింది అంటాం, మన దేశంలో అప్పటికి టీవీ ఉన్నది ఢిల్లీలో ఒక్కచోటే, 1959 సెప్టెంబరు 15న ప్రయోగంగా మొదలైనది. మిగతా దేశమంతా రేడియోలో విన్నది, పేపర్లో చూసింది. కానీ పనివాడిగా ఆ బొమ్మ అంటే నాకు ప్రాణం. చంద్రుడి నుంచి వచ్చిన సంకేతం మామూలు టీవీకి సరిపడేది కాదు, సెకనుకు పది ఫ్రేములే. దాన్ని నేల మీద ఒక ప్రత్యేకమైన తెర మీద చూపించి, ఆ తెర ఎదుట మామూలు టీవీ కెమెరా పెట్టి, మళ్లీ చిత్రీకరించి ప్రపంచానికి పంపారు. అందుకే ఆ బొమ్మ అంత మసకగా ఉంటుంది. పైగా నౌక పక్కన కెమెరాను తలకిందులుగా బిగించాల్సి వచ్చింది, కింద ఒక స్విచ్చి వేసి బొమ్మను తిరగేయాలి. మొదట కొద్దిసేపు తలకిందులుగానే వచ్చింది. ఆస్ట్రేలియాలోని హనీసకిల్ క్రీక్ కేంద్రం నుంచి వచ్చిన బొమ్మ బాగుందని దానికి మారారు, మొదటి అడుగు జనం చూసింది ఆ కేంద్రం పట్టిన బొమ్మలోనే. తర్వాత అక్కడిదే పార్క్స్ అనే ఊళ్లో ఉన్న 64 మీటర్ల పెద్ద డిష్ అందుకుంది. ఇంత కష్టపడి పట్టిన అసలు టేపుల సంగతి తెలుసా? వాటిని చెరిపేసి మళ్లీ వాడుకున్నారని నాసా 2009లో ఒప్పుకుంది. ఇది విన్న రోజు నాకు నిజంగా దుఃఖమొచ్చింది. మనకు మిగిలింది టీవీకి మార్చిన కాపీలే.

లండన్ ముచ్చట్లు త్వరగా చెబుతాను, వాటి గురించి ఎక్కడైనా దొరుకుతుంది. 1926 జనవరిలో జాన్ లోగీ బేర్డ్ యంత్రంతో తిప్పి కదిలే బొమ్మ చూపించాడు, 1936 నవంబరులో బీబీసీ రోజువారీ టీవీ ప్రసారాలు మొదలుపెట్టింది, 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం చూడటానికి అక్కడి జనం కొత్తగా టీవీలు కొన్నారు. ఆ పట్టాభిషేకం మన దగ్గర దేనితో సమానమంటే 1982 ఏషియాడ్‌తో, అంటే ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలతో, ఇక దాంట్లోకి వస్తాను.

1976 ఏప్రిల్‌లో దూరదర్శన్ ఆకాశవాణి నుంచి విడిపడింది, 1977లో హైదరాబాద్ కేంద్రం వచ్చింది. సైట్ ఆగిపోయిన ప్రాంతాల్లో కొన్నిచోట్లకైనా టీవీ కొనసాగాలని పెట్టిన కేంద్రాల్లో అదొకటి. కానీ పాలమూరు పల్లెలకు అది అందింది తక్కువ, వంద కిలోమీటర్ల దూరం. 1982 ఏప్రిల్‌లో మన సొంత ఉపగ్రహం ఇన్‌శాట్-1ఏ పైకి పోయి సెప్టెంబరుకల్లా చేతికి రాకుండా పోయింది. ఆ మధ్యలోనే ఆగస్టు 15న ఎర్రకోట నుంచి రంగుల్లో ప్రసారం, నవంబరులో ఏషియాడ్. మరుసటి ఏడాది ఆగస్టులో ఇన్‌శాట్-1బీ వెళ్లింది, అది నిలబడింది. మన ఊళ్ల టీవీ కథ నిజంగా మారింది దానితోనే. ఎందుకంటే ఉపగ్రహం నుంచి ఢిల్లీ బొమ్మను పట్టి, వంద వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్‌తో చుట్టుపక్కలకు వదిలే పద్ధతి వచ్చింది. 1984లో కొన్ని నెలలపాటు దేశంలో సగటున రోజుకొక ట్రాన్స్‌మిటర్ పెట్టుకుంటూ పోయారు. దాని పక్కనున్న ఊళ్లకు పండుగ. పదిహేను ఇరవై కిలోమీటర్లు దాటితే మళ్లీ నాలాంటివాడి అవసరం.

1983 అనగానే అందరూ జూన్ 25 లార్డ్స్ ఫైనల్ అంటారు, మనవాళ్లు 183 కొట్టి వెస్టిండీస్‌ను 140కి పడగొట్టింది. దానికి వారం ముందు, 18న, జింబాబ్వే మీద 17 పరుగులకే అయిదు వికెట్లు పడ్డాక కపిల్‌దేవ్ 175 కొట్టిన ఆట టీవీ చరిత్రలో ఇంకో రకం ఘట్టం. ఆ రోజు అక్కడ బీబీసీ కెమెరాలు లేవు. ఆ ఇన్నింగ్స్ వీడియో లేదు. ఆ రోజు ఆ మైదానంలో ఉన్నవాళ్లే దాన్ని చూశారు.

అదే ఏడాది నవంబరు 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో తెలుగు వార్తలు మొదలయ్యాయి, మొదట చదివింది శాంతిస్వరూప్ గారు. ఎదురుగా అక్షరాలు నడిపించే టెలిప్రాంప్టర్ లేని రోజులు, ముందే చదువుకుని గుర్తు పెట్టుకుని మన కళ్లలోకి చూస్తూ చెప్పేవారు. మా కొట్టు ముందర సాయంత్రం ఏడు గంటలకు జనం ఆగేవారు. నేను కొత్త ఏంటెనా బిగించాక పరీక్ష కూడా ఆయన మొహమే: మొహం పక్కన ఇంకో నీడ మొహం కనబడితే గుట్టకు తగిలి వచ్చిన తరంగం కూడా కలుస్తున్నట్టు, పైపును కొద్దిగా తిప్పాలి. 2024 ఏప్రిల్‌లో ఆయన పోయారని విన్నప్పుడు ఆ సాయంత్రాలన్నీ గుర్తొచ్చాయి.

1984లో రెండు: ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ అంతరిక్షం నుంచి ప్రధానితో మాట్లాడటం, నవంబరు 3న అదే ప్రధాని అంత్యక్రియలు. ఇందిరాగాంధీ పోయేనాటికి మెదక్ ఎంపీ, మన పక్క జిల్లా. ఆ రోజు మా టౌనులో టీవీ ఉన్న ప్రతి ఇంటి తలుపులు తెరిచే ఉంచారు, ఎవరినీ రావద్దనలేదు.

ఏంటెనా పని గురించి కొంచెం చెప్పనీ, ఇది పుస్తకాల్లో ఉండదు. అల్యూమినియం పైపులు వరుసగా బిగించిన ఆ ఏంటెనాను యాగీ అంటారు, 1926లో జపాన్‌లో ఉదా, యాగీ అనే ఇద్దరు కనిపెట్టింది. వెనక పొడుగు రాడ్డు, మధ్యలో వైరు తగిలించే రాడ్డు, ముందర పొట్టి రాడ్లు, పొట్టివి స్టేషన్ వైపు ఉండాలి. రాడ్డు పొడవు చానల్‌ను బట్టి ఉంటుంది, అంగుళం తేడా వచ్చినా బొమ్మ నీరసపడుతుంది. హైదరాబాద్ పట్టాలంటే నలభై యాభై అడుగుల ఇనుప పైపు, నాలుగు దిక్కులా తీగలు లాగి కట్టాలి, పైన సంకేతాన్ని పెంచే బూస్టర్. ఒకరు పైన తిప్పుతుంటే ఒకరు కిందనుంచి “వచ్చె, వచ్చె... పాయె!” అని అరవాలి. కోతులు ఊగి వంచేవి, కాకులు కూర్చుని వంచేవి, పిడుగు పడితే బూస్టరే కాదు సెట్టు కూడా పోయేది. అందుకని వాన మబ్బు కనబడగానే వైరు పీకేయమని ప్రతి ఇంట్లో చెప్పి వచ్చేవాణ్ణి. ఒకసారి ఒక కంపెనీ బూస్టర్లు పది తెచ్చి బిగిస్తే నెలలోపే ఆరు కాలిపోయాయి, వాళ్లు మార్చివ్వలేదు, నా చేతి డబ్బుతో మార్చాను. ఆ ఇళ్లవాళ్లు నన్ను నమ్మి కొన్నారు కాబట్టి.

ఆ పైపులన్నీ ఎందుకు లేచాయంటే రామాయణం కోసం. 1987 జనవరి 25 నుంచి 1988 జూలై 31 దాకా, ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు. ఆ వెంటనే 1988 అక్టోబరులో మహాభారతం, 1990 జూన్ దాకా. హిందీలో వచ్చినా మన దిక్కు అర్థం కాదన్నవాళ్లు తక్కువ, నిజాం కాలపు ఉర్దూ చెవిలో ఉండనే ఉంది, రాని ముసలివాళ్లకు మనవలు చెప్పేవాళ్లు. స్నానాలు చేసి వచ్చేవాళ్లు, టీవీకి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టేవాళ్లు. శనివారం మాపు నాకు ఉండే టెన్షన్ ఇంతా అంతా కాదు, తెల్లారేసరికి రిపేరుకొచ్చిన సెట్లన్నీ ఇచ్చేయాలి. కరెంటు పోతే? పన్నెండు వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న బ్లాక్ అండ్ వైట్ సెట్లు వచ్చాయి, దాన్ని ట్రాక్టర్ బ్యాటరీకి తగిలించేవాణ్ణి. ఒక ఆదివారం ఒక తండాలో అట్లా తగిలిస్తే రెండు వందల మంది చూశారు. బొంబాయి, పుణె వలసపోయి పండుగకు తిరిగొచ్చిన కూలీలు కూడా వాళ్లలో ఉన్నారు. మేం కట్టే బిల్డింగుల పక్కన ఇళ్లల్లో కిటికీలోంచి చూసేవాళ్లం, మా ఊళ్లో కూర్చుని చూస్తామనుకోలేదు అన్నారు వాళ్లు. ఆ ధారావాహికలో కళ ఎంత, భక్తి ఎంత అని వాదించేవాళ్లు ఉన్నారు, నేను దాంట్లోకి పోను. ఊరు మొత్తం ఒక్కచోట కూర్చోవడం మాత్రం 1976 తర్వాత నేను మళ్లీ చూసింది అప్పుడే.

తొంభైల్లో అంతా ఒక్కసారి మారింది. 1991 జనవరి గల్ఫ్ యుద్ధాన్ని సీఎన్ఎన్ జరుగుతుండగానే చూపించింది, మన వైపు కొడుకులు, తమ్ముళ్లు గల్ఫ్‌లో ఉన్న ఇళ్లకు అది దూరపు యుద్ధం కాదు. తర్వాత స్టార్, 1992లో జీ. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు, ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి, సర్కారు సొత్తు కాదు అని తీర్పు ఇచ్చింది. క్రికెట్ ప్రసార హక్కుల గొడవలో వచ్చిన తీర్పు అది. అదే ఏడాది తెలుగులో జెమిని, ఈటీవీ వచ్చాయి. నేను కేబుల్ వేసింది ఆ రోజుల్లోనే. ఊళ్లోకి మళ్లీ గొడుగు వచ్చింది, కానీ చూసేవాళ్లు ఎవరి ఇంట్లో వాళ్లు. కేబుల్‌తో నా కుటుంబం బతికింది కాబట్టి దాన్ని తక్కువ చేసి మాట్లాడను, కానీ కోళ్ల జాలీ గొడుగు కింద ఉన్న వరండా మాత్రం తిరిగి రాలేదు. 2003-04లో ఇరవై నాలుగు గంటల తెలుగు వార్తలు మొదలయ్యాక జనం ఇళ్లల్లో టీవీ కట్టేయడమే మానేశారు. 2008 నవంబరు ముంబై దాడులప్పుడు చానళ్లు కమాండోల కదలికలను చూపించిన తీరును సుప్రీంకోర్టు 2012లో తప్పుపట్టింది, 2015లో అట్లాంటి ఆపరేషన్లను ప్రత్యక్షంగా చూపించకూడదని నిబంధన తెచ్చారు. ఇది అవసరమైన నిబంధన అని నా గట్టి అభిప్రాయం. బొమ్మ ఎవరి దాకా చేరుతోందన్న ప్రశ్న కొన్నిసార్లు ప్రాణాల మీదికి వస్తుంది.

మన దిక్కు ఒక రాత్రి గురించి, ఒక పగలు గురించి చెప్పకుండా ఇది పూర్తి కాదు. 2009 డిసెంబరు 9 రాత్రి అప్పటి కేంద్ర హోంమంత్రి చిదంబరం గారు తెలంగాణ ప్రక్రియ మొదలవుతుందని ప్రకటన చదివారు, మా వీధిలో ప్రతి ఇంట్లో ఒకే చప్పుడు, ఒక్కసారే లేచింది. ఇక 2014 ఫిబ్రవరి 18. లోక్‌సభలో తెలంగాణ బిల్లు, మధ్యాహ్నం, అందరం టీవీల ముందు. నా కంట్రోల్ రూంలో లోక్‌సభ చానల్ బొమ్మ ఆగిపోయింది. నా వైపే చెడిపోయిందనుకుని రిసీవర్ మార్చాను, కేబుల్ పీకి మళ్లీ పెట్టాను, ఫోన్లు మీద ఫోన్లు, “అన్నా, ఇప్పుడే ఆపుతవా!” అని. పక్క చానళ్లన్నీ వస్తున్నాయి. అప్పుడు అర్థమైంది, సభ లోపలి ప్రసారమే ఆగింది. సాంకేతిక లోపమని తర్వాత చెప్పారు, కావాలనే ఆపారని ఎదుటిపక్షాలు అన్నాయి. నా రాష్ట్రం పుట్టిన ఓటును నేను చూడలేదు, స్క్రోలింగ్‌లో చదివాను. సంతోషంతో ఏడుస్తూ కూడా లోపల ఒక బాధ మిగిలింది, చరిత్రలో ఈ గంటన్నర బొమ్మ మా పిల్లలకు చూపించడానికి మా చేతిలో లేదే అని. పాస్ కావడం గొప్ప, కానీ జనం చూడాల్సిన గంటలో తెర మూయడం తప్పు, ఏ కారణం చెప్పినా తప్పే. రెండు రోజుల తర్వాత 20న రాజ్యసభలోనూ పాస్ అయ్యింది.

ఇప్పుడు మీ నాయిన దగ్గరికి వస్తాను. జ్ఞాపకాల్లో ఏళ్లు కలిసిపోతాయి, అందుకని ఒక్కటి అడుగు: బడి ముందర గొడుగు ఏ దిక్కుకు తిరిగి ఉండేది? ఏటీఎస్-6ను ఆ ఏడాది ఆఫ్రికాలో కెన్యా వైపు, 35 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నిలిపారు. మన పాలమూరు 78 డిగ్రీల మీద ఉంది. కాబట్టి గొడుగు పడమరకు, కాస్త నైరుతికి మొహం పెట్టి, సగానికంటే తక్కువ ఎత్తుకు లేచి ఉండాలి, సాయంత్రం మూడున్నర నాలుగింటికి పొద్దు దిగే వైపు. ఎనభైల్లో ఇన్‌శాట్‌కు పెట్టినవి దాదాపు నడినెత్తిన ఆకాశాన్ని చూస్తాయి. తొంభైల్లో స్టార్ కోసం కేబుల్‌వాళ్లం పెట్టినవి తూర్పు, ఆగ్నేయం వైపు. మీ నాయిన పొద్దు గూకే దిక్కు అంటే ఆయన చూసింది సైటే, ఇంక వేరే రుజువు అక్కర్లేదు. గొడుగు నిలబెట్టిన సిమెంటు దిమ్మె ఆ బడి దగ్గర ఇంకా ఉందేమో కూడా అడుగు. ఉంటే ఊరి పేరు నాకు రాయి, నేను వచ్చి చూస్తాను.